పేరు రాయలేదు

ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో ఒక పరిశోధన కేంద్రంలో ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా డైరెక్టర్ మేడం నాకొక ఎక్సెల్ షీట్ ఇచ్చారు. వందేళ్ళ కిందటి మిషనరీల ఉత్తరాలు, పత్రికలు చదివి, వాటిలో కనపడిన ప్రతి మనిషికీ ఒక వరస పెట్టాలి. పేరు, ఊరు, ఏడాది, చేసిన పని. దొరల పేర్లు, దొరసానుల పేర్లు పూర్తిగా ఉంటాయి, పుట్టిన ఊరితో సహా. వాళ్ళ వెనకాల పుస్తకాల పెట్టె మోసుకుంటూ నడిచిన మనవాళ్ళు మాత్రం "ఒక నేటివ్ హెల్పర్", "మా బైబిల్ ఉమన్" (ఊళ్ళు తిరిగి బైబిల్ చదివి చెప్పే మన ఆడమనిషి), అంతే. అలాంటి చోటల్లా నేను "పేరు లేదు" అని కొట్టుకుంటూ పోయాను. సాయంత్రం ఆవిడ వచ్చి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో వరసా మార్పించారు. "పేరు లేని మనిషి ఉండదు. వాళ్ళమ్మ పెట్టే ఉంటుంది. ఉత్తరం రాసినవాళ్ళు రాయలేదు. ఆ సంగతే రాయి" అన్నారు. ఆ రోజు ముప్ఫై నలభై వరసల్లో "పేరు రాయలేదు" అని మార్చి ఇంటికెళ్ళాను.

ఆ మాట నాకు అంతగా తగలడానికి కారణం ఉంది. 2009లో మా ఆయన వీసా మీద డిపెండెంట్‌గా వెళ్ళిన కొత్తల్లో ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేశాను, కూరగాయల ప్యాకింగ్. మా పేర్లు పలకడం కష్టమని సూపర్‌వైజర్ మమ్మల్ని వరసలో నిలబడిన చోటు నంబరుతో పిలిచేవాడు. పద్నాలుగు నెలలు నేను "ఫోర్"ని. పాలకొల్లులో బీకాం చదివినదాన్ని, అమ్మకి ఫోన్ చేసినప్పుడు ఆఫీసు పనే అని చెప్పేదాన్ని, చేతులు చలికి పగిలి నెత్తురొస్తుంటే. ఆ తర్వాత ఏజెన్సీ ద్వారా ఈ పరిశోధన కేంద్రంలో ఆరు వారాల టైపింగ్ పని దొరికింది. ఆ ఆరు వారాలూ పదమూడేళ్ళయ్యాయి. ఇంగ్లండ్‌లో డైరెక్టర్‌నైనా పేరు పెట్టే పిలుస్తారు, నాకు మాత్రం నోరు రాక మొదటి రోజు మేడం అన్నాను, ఆవిడ రిటైరయ్యేదాకా అదే పిలుపు.

మేడం అమ్మానాన్నలు జమైకా నించి వచ్చినవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ దీవుల నించి ఇంగ్లండ్ వచ్చినవాళ్ళకి అద్దె ఇళ్ళు ఇవ్వలేదన్నది చాలామందికి తెలుసు. చర్చిల్లో కూడా చాలా చోట్ల ముఖమిచ్చి పలకరించినవాళ్ళు లేరు. అందుకని ఎవరి ముందు గదిలో వాళ్ళు, బడి హాళ్ళు అద్దెకి తీసుకుని, సొంతంగా కూడుకోవడం మొదలుపెట్టారు. 1953లో వూల్వర్‌హాంప్టన్‌లో ఆలివర్ లైసైట్ గారు మొదలుపెట్టిన అలాంటి చిన్న కూడికే పెరిగి పెరిగి దేశమంతా శాఖలున్న న్యూ టెస్టమెంట్ చర్చ్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘం అయింది. పెంతెకొస్తువాళ్ళంటే పరిశుద్ధాత్మ తమ మీదికి దిగొస్తుందని నమ్మి, చేతులెత్తి పాడుతూ ప్రార్థన చేసే క్రైస్తవులు. మేడం అలాంటి ఒక సంఘంలో తప్పెట కొట్టుకుంటూ పెరిగిన పిల్ల. యూనివర్సిటీలో థియాలజీ, అంటే దైవశాస్త్రం, చదువుతానంటే సంఘం పెద్దలే వద్దన్నారట, చదువెక్కువైతే ఆత్మ చల్లారిపోతుందని. అప్పుడు బర్మింగ్‌హామ్‌లో వాల్టర్ హాలెన్‌వెగర్ గారు ప్రొఫెసరు. స్విట్జర్లాండ్ ఆయన, ఒకప్పుడు తనే పెంతెకొస్తు బోధకుడు, ఆ ఉద్యమం మీద పది సంపుటాల థీసిస్ రాసిన మనిషి, 1971 నించి 1989 దాకా అక్కడ పాఠం చెప్పారు. చదువురాని ఆడవాళ్ళు చెప్పే సాక్ష్యం, పాడే పాట, చెప్పుకునే కల, ఇవన్నీ కూడా థియాలజీయేనని ఆయన అనేవారు. అది విన్నాక "మా అమ్మని చదువుకోడానికి యూనివర్సిటీకి రావచ్చని నాకప్పుడు తెలిసింది" అని మేడం చెప్పేవారు.

ఆవిడ నాకు చెప్పిన చరిత్రలో రెండు సంగతులు ఇప్పటికీ మర్చిపోలేను. ఒకటి విలియం సేమోర్ గారిది. అమెరికాలో లూసియానాలో బానిసలుగా బతికి విడుదలైన అమ్మానాన్నలకి పుట్టిన కొడుకు. హ్యూస్టన్‌లో ఒక బైబిల్ స్కూల్లో పాఠం వినడానికి వెళ్తే, నల్లవాడు తెల్లవాళ్ళతో కలిసి కూర్చోకూడదని, తలుపు బయట వరండాలో కూర్చోబెట్టారు. బయట కూర్చునే విన్నాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే, 1906లో, లాస్ ఏంజెలెస్‌లో అజూసా వీధిలో ఆయన నడిపిన కూడికల్లో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, మెక్సికోవాళ్ళు ఒకే నేల మీద మోకరించారు. మా గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఈ వరండా గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. మా తాతల కాలం బళ్ళో ఎవరు లోపల, ఎవరు అరుగు కింద కూర్చున్నారో మనకి తెలుసు.

రెండోది పండిత రమాబాయి గారిది. పుస్తకాల్లో చాలాకాలం అజూసా నించే ఈ పెంతెకొస్తు ఉద్యమం ప్రపంచమంతా పాకిందని రాసేవారు. కానీ పుణె దగ్గర కేడ్‌గావ్‌లో రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో 1905లోనే, అంటే అజూసా కన్నా ముందు ఏడే, వితంతువులు, అనాథ పిల్లలు ఏడ్చి ప్రార్థన చేసిన పెద్ద ఉజ్జీవం, అంటే భక్తి ఒక్కసారిగా ఉప్పొంగడం, వచ్చింది. అక్కడ పనిచేసిన మినీ ఏబ్రమ్స్ అనే అమెరికా ఆవిడ దాని మీద 1906లో చిన్న పుస్తకం రాసి, చిలీ దేశంలో ఉన్న తన పాత స్నేహితురాలికి పంపింది. ఆ పుస్తకం చదివిన ఇంట్లోంచే 1909లో చిలీలో పెంతెకొస్తు ఉద్యమం లేచింది. మహారాష్ట్ర నించి చిలీకి, మధ్యలో లాస్ ఏంజెలెస్ తగలకుండా! ఈ ఉద్యమానికి ఒకటే పుట్టిల్లు లేదని బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలోనే ఆలన్ ఆండర్సన్ గారు పుస్తకాలు రాశారు. మేడం బాధ ఇంకొకటి. ముక్తిలో ఆ రాత్రుళ్ళు ప్రార్థన చేసిన వందలమంది ఆడపిల్లల్లో మనకి పేరుతో తెలిసినవాళ్ళెందరు? ఆ ప్రశ్న మీదే ఆవిడ ఇరవై ఏళ్ళు కూర్చున్నారు.

డైరెక్టర్ అయ్యాక పని రెండు ముక్కలైంది, చరిత్ర ఒకటి, మిగతా మతాలవాళ్ళతో కలిసి చేసే పరిశోధన ఒకటి. బర్మింగ్‌హామ్‌లో దానికి పునాది ముందే ఉంది, ముస్లిం పండితులు, క్రైస్తవ పండితులు కలిసి పనిచేసే కేంద్రం సెల్లీ ఓక్‌లో 1976లోనే పెట్టారు. కానీ పెంతెకొస్తువాళ్ళు అలాంటి చోటికి రావడం తక్కువ. మేడం వెళ్తుంటే సొంత సంఘంలో కొందరు పలకరించడం మానేశారు, అటు పండితుల్లో కొందరికి ఈవిడ చేతులెత్తి పాడే మనిషని చిన్నచూపు. రెండు వైపులా మాట పడటం నేను దగ్గర నించి చూశాను. పని మొదలుపెడితే ఎదుటివాళ్ళ అలసట ఆవిడకి కనపడదు, దాని మీద మాకు గొడవలూ అయ్యాయి. కానీ ఈ విషయంలో ఆవిడ ఓపికకి దణ్ణం పెట్టాలి.

ఒకసారి ఉపవాసం మీద సమావేశం. నేను వెనక టీ బల్ల దగ్గర ఎవరికి హలాల్, ఎవరికి గుడ్డు కూడా లేని శాకాహారం అని ప్లేట్లు సర్దుతున్నాను. ఇమామ్ గారు రంజాన్‌లో వాళ్ళమ్మ సెహరీకి, తెల్లారకముందు తినే భోజనానికి, లేపే సంగతి చెప్పారు, ఒక పాస్టర్ గారు మూడు రోజుల ఉపవాస కూటం గురించి చెప్పారు. మేడం వెనక్కి తిరిగి, "మీ అమ్మగారు?" అని నన్నడిగారు. చేతిలో చెంచా అలాగే ఉంది. కార్తీక సోమవారం అమ్మ పొద్దున్నే చన్నీళ్ళ స్నానం చేసి, సాయంత్రం నక్షత్రం చూసేదాకా మంచినీళ్ళతో ఉండటం, కాలవలో అరటిదొప్పల్లో దీపాలు వదలటం చెప్పాను. నా ఇంగ్లీషు తడబడింది. చెప్పడం అయ్యాక ఇమామ్ గారు, "నక్షత్రం కోసం మబ్బు పట్టిన రోజు ఏం చేస్తారు?" అని అడిగారు. అంత మామూలుగా, ఇంట్లోవాళ్ళు అడిగినట్టు అడిగేసరికి నాకు ఏడుపొచ్చింది.

రిటైరయ్యే ముందు ఏడు మేడం మా ఊరొచ్చారు. డెల్టాలో క్రైస్తవం పాతదే, 1836లో ఇంగ్లండ్ నించి బయల్దేరిన బౌడెన్, బీర్ కుటుంబాలు తర్వాత నరసాపురం, పాలకొల్లు చేరి గోదావరి డెల్టా మిషన్ పెట్టాయి. వాళ్ళు బ్రదరెన్ అనే వేరే క్రైస్తవ శాఖవాళ్ళు, పెంతెకొస్తు కాదు. పెంతెకొస్తు సంఘాలు ఇక్కడ వందేళ్ళ లోపువే, కేరళలో మొదలైన ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో రిజిస్టర్ అయింది మన ఏలూరులోనే. డిసెంబరు నెల, సార్వా మాసూళ్ళయి చేలో కుప్పలున్నాయి. తెల్లారుజామున రామాలయం మైకులో తిరుప్పావై, అది అయ్యాక కాలవ అవతల పేటలో మందిరం మైకులో క్రిస్మస్ పాటలు. రెండు వైపుల పెద్దలూ టైములు ముందే మాట్లాడుకుని పెట్టుకున్నారు. మేడం ఆ ఏర్పాటు గురించి నోట్సు రాసుకున్నారు. నా సంగతి చెప్తాను. మా ఇల్లు రామాలయం వీధిలో. పెళ్ళయ్యేదాకా ఆ ఊళ్ళోనే పెరిగి, ఆ కాలవ వంతెన దాటి పేటలోకి ఒక్కసారి వెళ్ళలేదు. మొదటిసారి వెళ్ళింది బర్మింగ్‌హామ్ నించి వచ్చిన మా డైరెక్టర్ గారికి దోవ చూపించడానికి. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట.

మందిరం రేకుల షెడ్డు, కింద చాపలు. ఎనభై దాటిన ఒక మామ్మగారు తెల్లచీరలో గోడకి ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూసి లేవబోతే భుజం పట్టుకుని కూర్చోబెట్టాను. "అమ్మాయిగారండీ, దొరసానమ్మగారు వస్తారన్నారు" అని మేడం వంక చూసి, ఆ నల్లటి చేతులు తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసి, "మనవాళ్ళేనండి ఈవిడ" అన్నారు. నేను తర్జుమా చేశాను. మేడం ఆ చేతులు వదల్లేదు.

మామ్మగారి నాయనమ్మ బైబిల్ ఉమన్. "దొరసానమ్మగారితో లంకలన్నీ తిరిగేదండి. ఆవిడ పడవలో ఉండేవారండి, మా నాయనమ్మ ముందు దిగి బురదలో నడిచి, గట్టు మీద ఎవరున్నారో చూసి పిలిచేదండి. చదువు పెళ్ళయ్యాకే నేర్చుకుంది. బాలింతలకి మందూ తనే ఇచ్చేదండి, ఆయ్." ఏ ఏళ్ళో అడిగాం. ఏడాది తెలీదు, ఏ వరదకి ముందో చెప్పారు. ఆ ఊరు, ఆ దొరసాని, ఆ లంక, మా షీట్‌లో ఒక వరసకి సరిగ్గా సరిపోయాయి. మేడం ల్యాప్‌టాప్ తీసి ఆ వరస చూపించారు. "పేరు రాయలేదు." నాయనమ్మ పేరేంటి మామ్మగారూ అని అడిగాను.

చెప్పారు. ఇంటిపేరుతో సహా. మేడం టైపు చేస్తుంటే ఆవిడ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నారు. "అమ్మాయిగారండీ, అది కాగితంలో పెట్టకండి. మా మనవడికి ఇబ్బందండి."

కార్లో మేడంకి నేను చెప్పాల్సొచ్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువులైతేనే ఎస్సీ, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవం పుచ్చుకున్నవాళ్ళని కలపలేదు, మన దగ్గర వాళ్ళు బీసీ-సి, అందరికీ కలిపి ఒక్క శాతం రిజర్వేషన్. అందుకే ఎన్నో ఇళ్ళల్లో బళ్ళో ఒక పేరు, మందిరంలో ఇంకో పేరు. నాయనమ్మ ఊరంతా తిరిగి ప్రకటించింది, మనవడు నోరు విప్పకుండా ఆదివారం వెనక వరసలో కూర్చుంటాడు. మేడం చాలాసేపు మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళు పేర్ల కోసం వెతికిన మనిషి, ఒళ్ళో పేరు పెట్టుకుని కూర్చున్నారు. నరసాపురం స్టేషన్ దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి, టైపు చేసింది తుడిచేసి, ఆ వరసలో ఏం రాయాలో నన్ను తెలుగులో చెప్పమన్నారు. చెప్పాను. తెలుగులోనే టైపు చెయ్యమని నా ఒళ్ళో పెట్టారు.

"పేరు తెలుసు. ఇంట్లోవాళ్ళు రాయొద్దన్నారు."