ఊలు రంగుల కోసం షెట్లాండ్ దాకా

నా సూదుల మీద ఎప్పుడూ రెండు మూడు పనులు నడుస్తూ ఉంటాయి. ప్రస్తుతం మా ఆయనకి ఒక జత మేజోళ్ళు, విశాఖలో ఉన్న చెల్లెలి పాపకి కాటన్ దారంతో చిన్న చొక్కా, నాకోసం ఒక ఫెయిర్ ఐల్ స్వెట్టర్, అంటే వరసలు వరసలుగా రంగుల నమూనాలతో అల్లేది. మొదటి రెండూ టీవీ చూస్తూ అల్లినా సాగిపోతాయి. స్వెట్టర్ మాత్రం ఎండాకాలం నుంచీ మెడ దగ్గర ఆగిపోయింది. నమూనా బాగుంది, ఊలు మంచిదే, రంగులు మాత్రం ఎంతకీ కుదరడం లేదు. ఫోన్‌లో ఫొటోలు చూసి చూసి విసుగొచ్చి, ఈ అల్లిక పుట్టిన వైపే, స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవులకి, ఒకసారి వెళ్ళి చూద్దామనుకున్నాను. మేముండేది ఎడిన్‌బరోలో. అప్పటికి మా అత్తయ్య పాలకొల్లు నుంచి వచ్చి ఉన్నారు. పెళ్ళికి ముందు లేసు అల్లిన చెయ్యి ఆవిడది. ‘ఊలు చూడ్డానికైతే నేనూ వస్తానమ్మా’ అన్నారు.

అబర్డీన్‌లో సాయంత్రం 7 గంటలకి ఓడ ఎక్కితే పొద్దున్న ఏడున్నరకి షెట్లాండ్ ముఖ్యపట్టణం లెర్విక్‌లో దిగుతాం. మేం వెళ్ళింది సెప్టెంబరు చివర్లో, షెట్లాండ్ ఊల్ వీక్‌కి. 2010లో మొదలైన ఈ పండక్కి ఎక్కడెక్కడి నుంచో అల్లేవాళ్ళు వస్తారు. ఏటా ఒక టోపీ నమూనాని ఉచితంగా ఇస్తారు. దాన్ని అల్లుకుని, పెట్టుకుని మరీ రావడం ఆనవాయితీ. ఓడలో ఎటు చూసినా అవే టోపీలు. నమూనా ఒకటే అయినా ఎవరి రంగులు వాళ్ళవి. కొన్ని కళ్ళు చెదిరేలా ఉన్నాయి, కొన్నిటిలో పువ్వేదో ఆకేదో తెలియనే లేదు. నా స్వెట్టర్‌కి పట్టిన జబ్బు అదే.

లెర్విక్‌లో ముందు మ్యూజియంకి వెళ్ళాం. 1951లో గన్నిస్టర్ అనే చోట పీట్ నేల తవ్వుతుంటే పాత కాలం మనిషి బట్టలు దొరికాయి. పీట్ అంటే మొక్కలు కుళ్ళి తయారైన నల్లటి బురదమన్ను, ఎండబెట్టి ఇక్కడివాళ్ళు పొయ్యిలోకి వాడతారు. ఆ మట్టిలో ఊలు కుళ్ళిపోకుండా నిలిచిపోయింది. ఆ బట్టలతోపాటు ఒక చిన్న అల్లిక సంచీ, అందులో 1690 నాటి నాణెం కూడా దొరికాయి. అసలువి ఎడిన్‌బరోలో ఉన్నాయి, ఇక్కడున్నవి వాటిని చూసి అల్లినవి. బూడిద రంగు సంచీ మీద ఎరుపు, తెలుపు పట్టీలు. మూడంటే మూడు రంగులు, అయినా దూరం నుంచే ప్రతి గీతా విడిగా తెలుస్తోంది. చాలాసేపు దాని ముందు నుంచి కదలలేకపోయాను.

అత్తయ్య మాత్రం అన్స్ట్ దీవి శాలువాల దగ్గరే ఉండిపోయారు. గొర్రె మెడ దగ్గరి మెత్తటి ఊలుని వెంట్రుకంత సన్నగా వడికి అల్లినవి. అంత పెద్ద శాలువా పెళ్ళి ఉంగరంలోంచి దూరిపోతుంది. ఆ రోజుల్లో అల్లినందుకు వర్తకులు డబ్బు ఇచ్చేవారు కాదట, టీ పొడి, బట్టలు లాంటి సరుకుల రూపంలో ఇచ్చేవారట. దీని మీద 1872లో ప్రభుత్వం విచారణ కూడా జరిపించింది. నేనది చెప్పగానే అత్తయ్య అద్దం మీంచి చూపు తిప్పకుండానే, ‘మాకూ దారం ఇచ్చి, అల్లి తెచ్చినదానికి ఇంత అని చేతిలో పెట్టేవాళ్ళు. ఎన్ని గంటలు పట్టిందో ఎవరడిగారమ్మా?’ అన్నారు. నరసాపురం లేసుని ఇప్పుడు అందరూ పొగుడుతుంటే నాకు సంతోషమే, కానీ కూలి సంగతి మాత్రం గట్టిగా అడగాల్సిందే అనిపించింది.

మర్నాడు క్లాసుకి వెళ్ళాం. నేర్పించినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. నడుముకి ఒక తోలు బెల్టు కట్టుకున్నారు. దానికి ముందువైపు గుర్రపు వెంట్రుకలు కూరిన చిన్న దిండు, దాని నిండా చిల్లులు. సూది ఒక కొసని ఆ చిల్లులో గుచ్చితే కుడి చేతికి బరువుండదు, వేళ్ళు దారం వేసే పనే చూసుకుంటాయి. వెనకటి ఆడవాళ్ళు వీపున పీట్ బుట్ట మోస్తూ, నడుస్తూనే అల్లేవారంటే ఈ బెల్టు చలవే. నాకూ కట్టిచ్చారు. కాసేపటికి చెయ్యి అలవాటుపడింది, మణికట్టు నొప్పి లేదు.

నా అసలు సమస్య ఆవిడకి చూపించాను. ఫెయిర్ ఐల్‌లో ఒక వరసకి రెండే రంగులు. ఒకటి నేల, ఒకటి పువ్వు. అప్పటికి అక్కర్లేని దారం వెనకనుంచి సాగుతుంది, అందుకే ఆ స్వెట్టర్ అంత వెచ్చన. ఆవిడ నా ఫోన్ అడిగి, అల్లికని బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటో తీశారు. నేను ముచ్చటపడి ఎంచుకున్న మెరూనూ ముదురాకుపచ్చా రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. నమూనా మాయం! రంగు వేరైతే చాలదు, ఒకటి వెలుగులో ఉంటే రెండోది నీడలో ఉండాలట. నేల రంగుని అంచుల నుంచి మధ్యకి మెల్లగా మార్చుకుంటూ వచ్చి, నడిమి వరసలో మాత్రం అన్నిటికంటే వెలిగే రంగు వెయ్యమన్నారు.

ఆ మాట మనసులో పెట్టుకునే పడమటి ఒడ్డున శాండ్‌నెస్‌లో ఉన్న జేమీసన్స్ మిల్లుకి వెళ్ళాం. దారంతా గాలి, చెట్టు మొలవని కొండలు, వాడిపోతున్న హెదర్ పొదలు. ఊలుని ముందే రంగుల్లో ముంచి, ఆ తర్వాత కలిపి వడకడం ఇక్కడి పద్ధతి. అరల్లో రెండు వందలకు పైగా రంగులు. నేను ఒక ఊదా ఉండ తీసి పక్కన పెడుతుంటే అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని, దారం కొస పురి విప్పి చూపించారు. ‘ఇది ఒక్క రంగు కాదమ్మా, చూడు.’ నిజమే. ఊదా పోగుల మధ్య నీలం, ఎరుపు, అక్కడక్కడా ఆకుపచ్చ నూగు. తలుపు తీసుకుని బయటికొచ్చి కొండ వంక చూస్తే అక్కడా అంతే. దూరానికి గోధుమ రంగనిపించే నేలలో పసుపు గడ్డి, ఎర్రటి నాచు, రాళ్ళ మీద నారింజ మచ్చలు. ఆ కొండనే ఎదురుగా పెట్టుకుని రంగులు ఏరాను. నేలకి పీట్ రంగు నుంచి ఎండుగడ్డి రంగు దాకా వరసగా కొన్ని, పువ్వుకి లేత నీలాలు, నడిమి వరసకి ఆ నారింజ. కొనేముందు అన్నిటినీ పక్కపక్కన పెట్టి బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి మరీ చూసుకున్నాను.

ఇంటికొచ్చాక మెడ మొత్తం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాను. మొదటి పూల వరస పూర్తయింది, గదికి అటు చివర నుంచి కూడా పువ్వు పువ్వులాగే కనిపిస్తోంది. పాప చొక్కా అంచుకి కూడా రెండు రంగులే చాలనుకుంటున్నాను. అత్తయ్య తనకోసం కొనుక్కున్న సన్న ఊలుతో క్రోషా శాలువా మొదలుపెట్టారు. ఊలు సాగినట్టు లేసు దారం సాగదు కదా, అంచు వదులుగా వస్తోందని ఇంకో సైజు చిన్న సూది తెమ్మన్నారు. రేపు బజారుకి వెళ్ళాలి.