క్యారేజీలో వచ్చిన ఓదార్పు

పోయినేడు వైట్ స్పాట్ రోగం వచ్చి రొయ్యల గుంట మొత్తం పోయింది, మేత కొట్టులో బాకీ మాత్రం మిగిలింది. మూడు ఆదివారాలు చర్చికి పోలేదు. ఫోన్‌కి వాక్యాలు వస్తానే ఉన్నాయి, నిజం చెప్పాలంటే ఒక్కటీ చదవలేదు.

నాలుగో వారం సంఘంలో ఒక పెద్దమ్మ క్యారేజీలో అన్నం, పప్పుచారు తెచ్చి "ముందు తిను నాయనా" అంది. ప్రార్థన కూడా తిన్నాకే, అదీ రెండు ముక్కల్లో. బైబిల్లో ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని చావు కోరుకున్నప్పుడు దేవదూత చేసింది కూడా ఇదే, రొట్టె, నీళ్ళు పెట్టి లేపాడు. ప్రసంగం చెయ్యలేదు.

తర్వాత ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కాను. అమెరికా బాప్టిస్టుల నెల్లూరు మిషన్ మూసేద్దామని అమెరికాలో మాటలు నడుస్తున్న రోజుల్లో, 1854 జనవరి 1న మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు, అంతే, ఐదుగురు అక్కడ మోకరించారు. ఒంగోలుకి మిషనరీగా క్లౌ దొర వచ్చింది 1866లో. కరువు తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటే కొండ మీద ప్రార్థన నుంచి ఆ రోజు దాకా 24 ఏళ్ళు! నేను మూడు వారాలకే అలిగాను.

గుంట బాకీ ఇంకా తీరలేదు. మొన్న పక్క ఊళ్ళో ఒకాయన గుంట పోయిందని తెలిసి మా ఆవిడ క్యారేజీ సర్దింది, నేను పట్టుకెళ్ళాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైందని మాత్రం చెప్పాడు.