పద్నాలుగా, నలభయ్యా?

వరంగల్ చౌరస్తా దగ్గర మా అమ్మకు చిన్న ఫ్యాన్సీ దుకాణం ఉంది. గాజులు, రిబ్బన్లు, సైడు పిన్నులు, క్లచర్లు అమ్ముతుంది. బాపు నెలకు రెండుసార్లు హైదరాబాద్ బేగంబజార్ పోయి సరుకు తెచ్చేవాడు. మేడారం జాతర ఉన్న ఏడాదైతే ఇంకా ఎక్కువసార్లు పోయేవాడు. ఆయన తెచ్చిన అట్టపెట్టెల మీద ఇంగ్లీషు కాని అక్షరాలుండేవి. చిన్నప్పుడు వాటిని ముగ్గులనుకుని పలక మీద దించుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళొచ్చాక ఆ పెట్టెలు బయల్దేరే ఊళ్ళోనే, ఈవూలో, మూడు నెలలు ఇంటర్న్‌షిప్ చేశాను.

ఈవూ చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో ఉంది. నేను ఆ రాష్ట్రంలోనే ఒక యూనివర్సిటీలో అంతర్జాతీయ వ్యాపారం మీద పీజీ చదువుతున్నాను. చైనీస్ పరీక్ష హెచ్ఎస్‌కే మూడో లెవెల్ అప్పటికే పాసయ్యాను. అంటే దాదాపు 600 మాటలు వచ్చన్నమాట. ఎవరైనా ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేయాలనుకుంటే ముందే ఒక మాట చెప్పాలి. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు బయట పని చేయాలంటే యూనివర్సిటీ అనుమతి పత్రం కావాలి. దాన్ని పోలీసు శాఖ వీసా ఆఫీసుకు తీసుకెళ్ళి రెసిడెన్స్ పర్మిట్ మీద ఆ విషయం రాయించుకోవాలి. "అవన్నీ ఎందుకు, వచ్చి చేయి, ఏం కాదు" అనేవాళ్ళు ఉంటారు. వినొద్దు. పట్టుబడితే జరిమానా కట్టాల్సింది మనమే.

ఈవూ హోల్‌సేల్ బజారులో దాదాపు 75,000 దుకాణాలున్నాయి. మొదటి రోజు అందులో రెండు గంటలు దారి తప్పి తిరిగాను. ఒక వరుస మొత్తం ప్లాస్టిక్ పూలే, ఇంకో వరుస మొత్తం ఆట బొమ్మలే. పై అంతస్తులో క్లచర్లు, హెయిర్ బ్యాండ్లు కనపడగానే కాళ్ళు ఆగిపోయాయి. మా దుకాణంలో అద్దాల కౌంటర్ కింద ఉండే సరుకే అక్కడ గోడ నిండా వేలాడుతోంది.

నా పని సులువుగానే కనిపించేది. మా ఆఫీసు తరఫున విదేశీ కొనుగోలుదారులను దుకాణాలకు తీసుకెళ్ళాలి. ధర, కార్టన్‌కు ఎన్ని పీసులు, కార్టన్ కొలతలు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, ఇవన్నీ రాసుకోవాలి. సరుకు గోదాముకొచ్చాక లెక్క చూడాలి. ఘనపు మీటరును అక్కడ 'ఫాంగ్' అంటారు. నలభై అడుగుల పెద్ద కంటైనర్‌లో సుమారు 68 ఫాంగ్‌లు సర్దుతారు. అది నింగ్బో రేవుకు పోయి ఓడ ఎక్కుతుంది.

మూడో వారంలో తప్పు జరిగింది. ఒక కొనుగోలుదారుడికి పద్నాలుగు కార్టన్ల క్లచర్లు కావాలి. నేను దుకాణానికి వాయిస్ మెసేజ్ పెట్టాను. చైనీస్‌లో పది అంటే 'షి', గొంతు పైకి లేవాలి. నాలుగు అంటే 'సి', గొంతు కిందికి పడాలి. 'షి సి' అంటే పద్నాలుగు, 'సి షి' అంటే నలభై. పైగా ఆ వైపు జనంలో చాలామంది ష ను స గానే పలుకుతారు, కాబట్టి వాళ్ళు అచ్చంగా గొంతు ఎగుడుదిగుళ్ళనే వింటారు. నేను రెండింటినీ ఒకే తీరుగా అన్నాను. గోదాముకు నలభై కార్టన్లు వచ్చాయి. మేనేజర్ అందరి ముందే అరిచాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంత టెన్షన్ పరీక్షలకు కూడా పడలేదు.

పొద్దున్నే ఆ దుకాణానికి పోయాను. నడిపే ఆవిడకు నలభై దాటి ఉంటాయి. మిగిలిన ఇరవై ఆరు కార్టన్లను మరో మాట లేకుండా వెనక్కి తీసుకుంది. "సరుకు పాడయ్యేది కాదు, ఎవరికో ఒకరికి అమ్ముకుంటా. నువ్వు మాత్రం రోజూ పొద్దున గిరాకీ రాకముందు వచ్చి నా దగ్గర అంకెలు అప్పజెప్పు" అంది. ఆ రోజు నుంచి ఆమెను 'చ్యె' అని పిలిచాను. అంటే అక్క. మన దగ్గరలాగే అక్కడా అక్కకూ చెల్లెకూ, అన్నకూ తమ్మునికీ వేర్వేరు మాటలున్నాయి. పెదనాన్నకు ఒక మాట, చిన్నాన్నకు ఒక మాట, మేనమామకు ఇంకో మాట. ఇంగ్లీషులో అందరినీ అంకుల్ అనేసే తోటి విద్యార్థులకు ఇది పెద్ద కష్టం. నాకు ఒక్క పూటలో వచ్చేసింది.

అక్క ముందు వేళ్ళు నేర్పింది. నాలుగుకు నాలుగు వేళ్ళు, పదికి రెండు చూపుడు వేళ్ళు అడ్డంగా. మా తాత ఎడ్ల అంగడిలో తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరం చేసేవాడు. ఇక్కడ అందరికీ కనపడేలా చేస్తారు, అంతే తేడా.

ఇంకో రోజు కుందేలు బొమ్మ ఉన్న క్లిప్పులు అడిగాను. అక్క కంగారుగా నా కడుపు వైపు చూపించి, నొప్పా అని అడిగి, వేడినీళ్ళు తెచ్చిచ్చింది. కుందేలు 'థూత్స', కడుపు 'తూత్స'. నేను ఒత్తు పలకలేదు. ఆ రాత్రి నా నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. రెండేళ్ళుగా చైనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకుంటున్నాను. 1958లో చైనా ప్రభుత్వం ఆమోదించిన పిన్‌యిన్ అనే పద్ధతి అది. అందులో 'డి' అని రాసేది నిజానికి మన త, 'టి' అని రాసేది మన థ. 'బి' అంటే ప. 'పి' అంటే ఫ. అయితే ఆ ఫ ను ఫ్యాన్‌లో అన్నట్టు అనకూడదు, పద్యం అప్పజెప్పించేటప్పుడు తెలుగు సారు 'ఫలము' అని పెదాలు కలిపి పలికించినట్టు పలకాలి. రోజూ మాట్లాడేటప్పుడు మనం ఒత్తులు వదిలేస్తాం గాని, చైనా వాళ్ళకు కావాల్సిన తేడా మన అక్షరమాలలో సిద్ధంగా ఉంది. ఆ రాత్రే నోట్‌బుక్ మొత్తం తెలుగులో తిరగరాయడం మొదలుపెట్టాను. వారం తిరక్కుండానే దుకాణాల్లో నన్ను "ఏమన్నావు?" అని మళ్ళీ అడగడం తగ్గింది. మన పిల్లలు చైనీస్ నేర్చుకుంటే తెలుగు లిపిలో రాసుకొని నేర్చుకోవాలని నా గట్టి కోరిక.

చైనీస్‌లో గొంతు ఎగుడుదిగుళ్ళను నాలుగు స్వరాలుగా లెక్కపెడతారు. వాటికి మా అమ్మే గుర్తొచ్చింది. ఎవరైనా మరీ తక్కువకు అడిగితే "ఆ?" అంటుంది, అది రెండో స్వరం. బేరం కుదిరితే "ఆ!" అని తెంచేస్తుంది, అది నాలుగోది. ఇద్దామా వద్దా అని ఆలోచిస్తూ సాగదీసే "ఆఁ" కిందికి పోయి పైకి లేస్తుంది, అది మూడోది. ఫోన్‌లో అవతలివాళ్ళ మాట వింటూ ఎత్తూ పల్లం లేకుండా "ఆ..." అనేది మొదటిది. 'మాయ్' అని మూడో స్వరంలో అంటే కొనడం, నాలుగో స్వరంలో అంటే అమ్మడం. వ్యాపారం చేసేవాళ్ళకు ఈ ఒక్క జంట తప్పకుండా రావాలి.

బోణీకి కూడా వాళ్ళకు మాట ఉంది, 'ఖాయ్ చాంగ్'. పొద్దున్నే ఖాయ్ చాంగ్ కాకపోతే అక్క ముఖం అచ్చం అమ్మ ముఖంలాగే అయ్యేది. ఒకసారి వాళ్ళ తాత సంగతి చెప్పింది. ఈవూ రైతులు పనుల్లేని రోజుల్లో భుజాన కావడి వేసుకుని, చిన్న డమరుకం ఆడిస్తూ ఊరూరా తిరిగి, బెల్లం మిఠాయి ఇచ్చి కోడి ఈకలు తీసుకునేవాళ్ళట. ఈకలు పొలానికి ఎరువు, మంచివైతే చీపుర్లకు. 1982లో షియె కావ్‌హువా అనే అధికారి ఊళ్ళో చిల్లర వ్యాపారానికి అనుమతిచ్చాక ఆ కావళ్ళే దుకాణాలయ్యాయి. మా వాడలో "ఎంటికలకు గిన్నెలిస్తం" అని అరుచుకుంటూ వచ్చే ఆమె గురించి నేను చెప్పాను. అక్కకు ఒక్కసారికే అర్థమైంది.

ఇంటికి ఫోన్ చేయడమే కష్టం. అక్కడ వాట్సాప్ తెరుచుకోదు. వాళ్ళు వాడే వీచాట్‌ను మన ప్రభుత్వం 2020లో నిషేధించింది. ఇండియా సిమ్‌కు రోమింగ్ ప్యాక్ వేసుకుంటే వాట్సాప్ వస్తుంది గాని ఖర్చెక్కువ. అందుకే వారానికి ఒక్కసారే వీడియో కాల్. చివరి వారం ఆ కాల్ అక్క దుకాణం నుంచే చేశాను. అక్క తెర మీదికి వంగి "ఛి ల మా?" అంది. తిన్నవా అని అడుగుతోందని చెప్పాను.

"తిన్న అని చెప్పు. ఆమె తిన్నదా?" అంది అమ్మ. వెంటనే కౌంటర్లోంచి ఒక క్లచర్ తీసి చూపించింది. "గిసొంటియి ఆమె దగ్గర ఉన్నయా? స్ప్రింగ్ గట్టిగ ఉండదు బిడ్డా. జడ లావుగ ఉన్నోళ్ళకు ఆగదు, పండ్లు ఇరుగుతయి. నెలకు పది వాపసొస్తయి. చెప్పు ఆమెకు."

స్ప్రింగ్‌కు చైనీస్ మాట నాకు తెలియదు. గోడ మీది క్లచర్ ఒకటి తీసి, నా జడకు పెట్టి, లాగి చూపించాను. అది జారిపోయింది. అక్క నవ్వలేదు. జడ ఎంత లావుంటుందని అడిగింది. నేను అమ్మకు చెబితే, అమ్మ కెమెరాకు వీపు తిప్పి కొప్పు విప్పింది. అక్క సొరుగులోంచి టేపు తీసి నా జడను మూడు చోట్ల కొలిచి, ఆర్డర్ పుస్తకంలో రాసుకుంది.

"ఎంతకిస్తదట డజను?" అని అమ్మ అటు నుంచి అడుగుతోంది.