తలుపు మూసుకొని నింపుకొన్న పాత్రలు

బైబిలులోని రెండవ రాజుల గ్రంథం నాల్గవ అధ్యాయంలోని మొదటి ఏడు వచనాలను మనం ఎక్కువగా నూనె అద్భుతంగానే జ్ఞాపకం ఉంచుకుంటాము. ఒంటరిగా పిల్లలను పెంచుకొంటున్న తల్లులకు, తండ్రులకు ఆహారం అందించే పరిచర్యలో పాలుపొందేవారు ఆ భాగం చదివినప్పుడు మాత్రం, అద్భుతం కంటే ముందుగా ఆ ఇంటి దుఃస్థితే కంటపడుతుంది. ప్రవక్తల శిష్యులలో ఒకడు చనిపోయాడు, అతని అప్పు మిగిలిపోయింది, ఆ అప్పుకింద ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవడానికి అప్పులవాడు వచ్చాడు. ప్రవక్తయైన ఎలీషాకు మొరపెట్టిన ఆ తల్లి, తన భర్త దేవునియందు భయభక్తులు గలవాడని అతనికి గుర్తుచేసింది. భక్తి ఉన్న ఇంట్లోనూ పిండి నిండుకుంటుందని, భక్తుని పిల్లలకూ ఆకలి వేస్తుందని లేఖనం దాచలేదు గనుక, సహాయం కోరి వచ్చినవారి గత జీవితాన్ని తవ్వి తప్పులు వెదకే పని మనకు అప్పగించబడలేదని నేను నమ్ముతాను.

ఎలీషా ఆమెను రెండే ప్రశ్నలు అడిగాడు: నేను నీకేమి చేయాలి, నీ ఇంటిలో ఏముంది? నూనె కుండ ఒకటి తప్ప మరేమీ లేదని ఆమె చెప్పింది. ఆహార పరిచర్య మొదలుపెట్టేవారు ఈ ప్రశ్నల దగ్గర చాలాసేపు ఆగడం మంచిది. పొద్దుపోయాక పని నుండి ఇల్లు చేరే తల్లికి గంటల తరబడి వండవలసిన సరుకులు ఇస్తే, ఆ రాత్రి పిల్లలు ఆకలితోనే నిద్రపోవచ్చు. వంట చేసే అలవాటు లేని తండ్రికి సరుకులతోపాటు వండే విధానం చూపించే మనిషి కూడా కావాలి. ఇంట్లో చూసుకొనే రెండవ పెద్ద దిక్కు లేనివారికి, పంపిణీ వేళ పని వేళతో ఢీకొంటే, ఆ సంచి కోసం ఒక పూట కూలి పోగొట్టుకోవలసి వస్తుంది. అడగకుండా ఇచ్చినది ఎంత విస్తారమైనా అది మన ఊహలోని పేదవారి కోసం ఇచ్చినదే అవుతుంది.

తరువాతి ఆజ్ఞ నన్ను ఎప్పుడూ ఆపివేస్తుంది. పొరుగువారి వద్ద ఖాళీ పాత్రలు అరువు తెచ్చుకొని, నీవూ నీ కుమారులూ లోపల ఉండి తలుపు మూసుకొనమని ప్రవక్త చెప్పాడు. ఆ తలుపు లోపల ఎలీషా లేడు. పిల్లలు పాత్రలు అందిస్తూ ఉంటే తల్లి తన చేతులతో నూనె పోసింది. పాత్రలు నిండిన తరువాతనే ఆమె దైవజనుని దగ్గరకు వెళ్లి సంగతి చెప్పింది. ఆ కుమారులు తమ తల్లి చేయి చాపడం కాదు, పాత్రలు నింపడం చూశారు. సరుకుల సంచి చేతికిచ్చి, పక్కన నిలబడి, ఫోటో తీసి పదిమందికి చూపించే అలవాటు ఈ వాక్యం ముందు ఎలా నిలబడగలదు? ఆ ఫోటోలో తల వంచుకొన్న పిల్లవాడు మరునాడు తన తోటి విద్యార్థుల మధ్య కూర్చోవాలి కదా.

రూతు గ్రంథంలో, పరదేశియైన విధవరాలు రూతు పరిగె ఏరుకొన్న బోయజు పొలంలోనూ ఇదే మర్యాద కనిపిస్తుంది. పొలంలో మరచిపోయిన పనను (కోసిన పైరు కట్టను) తెచ్చుకొనడానికి తిరిగి పోకూడదని, అది పరదేశికి, తండ్రిలేనివానికి, విధవరాలికి చెందాలని ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం ఆజ్ఞాపించింది. బోయజు అంతటితో ఆగక, రూతు ఏరుకొనేలా పిడికెళ్లు కావాలనే లాగి విడిచిపెట్టమని, ఆమెను గద్దింపవద్దని పనివారితో చెప్పాడు. ఆ సంగతి ఆమెకు తెలియజేసినట్లు వాక్యంలో ఎక్కడా లేదు.

ఆది సంఘంలో (అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం) అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రు చిన్నచూపునకు గురయ్యారన్న సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు దానిని అణచివేయలేదు. ఆహారం పంచే పనికి ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండిన, మంచి పేరుగల ఏడుగురిని ఏర్పరచుకొనమని శిష్యులతో చెప్పి, వారు ఏర్పరచుకొన్నవారిని ఆ పనికి నియమించారు. ప్రభువు కొరకు ప్రాణం పెట్టిన స్తెఫను ఆ ఏడుగురిలో ఒకడు. భోజన పరిచర్యను తక్కువ పనిగా ఎంచేవారు ఆ పేరును జ్ఞాపకం చేసుకోవాలి.

ఆ విధవరాలికి పాత్రలిచ్చిన పొరుగువారిని గురించి కూడా ఒక మాట. వారిచ్చినవి ఖాళీ పాత్రలే, అయినా పాత్రలు ఉన్నంతవరకే నూనె పారింది. డబ్బు ఇవ్వలేనివారు సంచి మోసుకొని వెళ్లగలరు, తల్లి పనినుండి వచ్చేవరకు పిల్లల దగ్గర కూర్చోగలరు, పంపిణీ వేళను ఒక కుటుంబం కోసం కాస్త పొడిగించగలరు. ఇక ఎలీషా చివరి మాట: నూనె అమ్మి అప్పు తీర్చు, మిగిలినదానితో నీవూ నీ కుమారులూ బ్రతకండి. ఈ పూట భోజనంతోపాటు, ఆ కుటుంబం మెడమీది అప్పును కూడా అతడు మరువలేదు.

ప్రభువా, ఈ రాత్రి పిల్లలకు పెట్టి తాను తిన్నానని అబద్ధమాడే తల్లిని, తండ్రిని నీవు చూస్తున్నావు. వారి గుమ్మం దగ్గరకు మమ్మును నడిపించి, తలుపు బయటే నిలిచే వినయం మాకు దయచేయుము. ఆమేన్.