కుడివైపు తిరగనన్న గుర్రం

“మీ దగ్గర గుర్రాలను కొట్టి లొంగదీసుకుంటారేమో, ఇక్కడ అలా కుదరదు” అని దుబాయ్‌లో నేను పనిచేసే రైడింగ్ స్కూల్లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ అందరి ముందు అనేసింది. నేను కొట్టలేదు. రూబీ అనే గుర్రానికి లాంజింగ్ చేయిస్తున్నాను, అంటే పొడవాటి తాడు పట్టుకుని నా చుట్టూ వలయంలో తిప్పుతున్నాను. అది వలయం విడిచి లోపలికి, నా మీదికి దూసుకొస్తుంటే చెర్నాకోల కొసను దాని భుజం వైపు చూపించానంతే. అలా చూపిస్తే గుర్రం మళ్లీ బయటి దారి పడుతుంది. దూరం నుంచి చూసి కొట్టబోతున్నానని అనుకుని ఉండొచ్చు, అది అర్థం చేసుకోగలను. కానీ ఆ “మీ దగ్గర” అన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

మాది హైదరాబాద్‌లోని మలక్‌పేట. 1886లో మౌలాలి నుంచి గుర్రప్పందేలు అక్కడికి మారాయి. గుర్రాలు పరిగెత్తే చోట పెరిగినవాణ్ణి. నాన్న సయీసు, గుర్రాలను చూసుకునే పని. ఆయన చేతికింద రెండు మూడు గుర్రాలు ఉండేవి. పొద్దున్నే వాటి కాళ్లు తడిమి, ఏ కీలు దగ్గర వేడి ఉందో డాక్టర్ కంటే ముందే చెప్పేవాడు. రాత్రి దాణా మిగిల్చిన గుర్రాన్ని మర్నాడు పనికి తీసేవాడు కాదు, ట్రైనర్‌తో మాట పడ్డా సరే. చేయి చేసుకునేవాళ్లు మా దగ్గర లేరని అనను. కానీ నేను పని నేర్చుకున్నది వాళ్ల దగ్గర కాదు.

దుబాయ్‌లో గుర్రాలకు లోటు లేదు. మెత్తటి ఇసుక వేసిన రింగు, ఫ్యాన్లు, కబురు పెడితే వచ్చే వెటర్నరీ డాక్టర్, జీను సరిచూడ్డానికి వేరే మనిషి. మా నాన్న చూస్తే కళ్లు చెమర్చేవి. ఎటొచ్చీ ఇక్కడ పనంతా బోర్డు మీద రాసి ఉంటుంది. ఈ రోజు రూబీని తిప్పేది నేను, రేపు ఇంకొకరు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడి రూలు. మా పని అంతకంటే చాలా ముందే, చీకటితో మొదలై ఎండ ముదరకముందే ముగియాలి. ఆ తొందరలో ఏ గుర్రం ఎందుకు మొరాయిస్తోందో నిలబడి చూసే తీరిక ఎవరికీ లేదు.

చూడాల్సింది మాత్రం అదే. లాంజింగ్‌లో గుర్రం అల్లరి అంతా ఒకటి కాదు. గేటు దగ్గరికి వచ్చినప్పుడల్లా బయటికి లాగితే దాని మనసు కొట్టం మీద ఉన్నట్టు. రోజంతా కట్టేసి తెచ్చాక మొదటి నాలుగు చుట్లూ గెంతి తర్వాత సర్దుకుంటే, అది ఒంట్లో పేరుకున్న బలం. అప్పుడు తాడు గుంజి పోట్లాడకూడదు. నడుము దాటి వెనకవైపుకు కాస్త జరిగి ముందుకు నడిపిస్తే చాలు, ముందుకు సాగే గుర్రానికి గెంతడం కష్టం. మనం దాని భుజానికి ముందుకు వెళ్లామంటే మాత్రం ఆగిపోతుంది, లేదా గిర్రున వెనక్కి తిరుగుతుంది.

రూబీది ఈ రెండూ కాదు. ఎడమవైపు ఎంత చక్కగా తిరిగేదో! కుడివైపు ట్రాట్ దాకా, అంటే దుడుకు నడక దాకా ఓర్చుకునేది. కాంటర్, అంటే అంతకంటే వేగంగా దౌడు తీయమని అడగ్గానే చెవులు వెనక్కి పెట్టి, వెనక కాళ్లు విసిరి, లోపలికి వచ్చేసేది. ఒక్క వైపే, ఒక్క నడకలోనే తిరగబడుతోందంటే అది పొగరు కాదు, ఎక్కడో నొప్పి. వీపు కావచ్చు, కాలు కావచ్చు, పళ్లు కావచ్చు. ఈ మాట రెండుసార్లు చెప్పాను. “మూడ్ బాలేదు, మేర్ కదా” అన్నారు, ఆడగుర్రం కదా అని.

ఆ మాట పడిన మర్నాడు జీను, తల నిలిపి ఉంచే పక్క పట్టీలు (సైడ్ రెయిన్స్) తీసేసి, తాడు తగిలించే ముక్కుపట్టీ (కావెసన్) ఒక్కదానితో పెద్ద వలయంలో తిప్పాను. కుడివైపు కాంటర్ చేసింది, ఒక్కసారీ తన్నలేదు. జీను వేయగానే మళ్లీ అదే కథ. మేడమ్‌ను పిలిచి రెండూ చూపించాను. ఆమె వెంటనే జీను చూసే మనిషిని పిలిపించింది. జీను అడుగున వీపుకు ఆనే మెత్తలో (ప్యానెల్) కుడివైపు లోపలి ఉన్ని గడ్డకట్టి ఒకేచోట ఒత్తుతోంది. ఫోన్ చేయడానికి ఆమె ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు, అందుకు ఆమె అంటే నాకు గౌరవం. ఇంటి దగ్గర అదే జీను మరో ఏడాది నడిచేదేమో.

కానీ “మీ దగ్గర” అన్న మాటను ఆమె వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. నా బాధ ఆ మాటతో ఆగేది కూడా కాదు. దాణా పెట్టేది మేము, మాలిష్ చేసేది మేము, రాత్రి కడుపునొప్పి వస్తే పక్కన నిలబడేది మేము. గుర్రం మొరాయించినప్పుడు మాత్రం కారణం అందరినీ అడుగుతారు, మమ్మల్ని తప్ప.

బీహార్ నుంచి, రాజస్థాన్ నుంచి కొత్తగా వచ్చే కుర్రాళ్లకు ఇప్పుడు నేనే నేర్పుతున్నాను. గ్లవ్స్ లేకుండా తాడు పట్టుకోవద్దు, చేతికి చుట్టుకోవద్దు, గుర్రం లాగితే వేళ్లు పోతాయి. చిన్న వలయంలో తిప్పితే కీళ్లు దెబ్బతింటాయి. ఏ వైపు, ఏ నడకలో, ఎక్కడ తిరగబడిందో గుర్తుపెట్టుకోండి అంటాను. అది రాయడానికి బోర్డు మీద ప్రతి గుర్రం పేరు పక్కన ఒక గడి వేయించమని మేనేజర్ సార్‌ను అడిగాను. చూద్దాం అన్నారు. వచ్చే వారం మళ్లీ అడుగుతాను.