మామయ్య ధమనిలో చేరింది ఒక్క కొవ్వేనా?

మామయ్యకు ఈ వేసవిలో స్టెంట్ వేశారు. అప్పటి నుంచి అమలాపురంలో మా ఇంటికి పలకరించడానికి ఎవరొచ్చినా ఒకటే మాట: "కాలువలో పూడిక చేరినట్టే కదమ్మా, కొవ్వు పేరుకుపోయింది." డెల్టాలో పుట్టినవాళ్ల నోట ఆ పోలిక రావడం సహజమే. కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పే నాకు మాత్రం అది సగం సంగతే. ఈ పూడిక పేరుకునేది ధమని గోడ లోపల. అందులో కొవ్వుతో పాటు ప్రోటీన్లూ ఉంటాయి.

కొవ్వు నీళ్లలో కలవదు కాబట్టి రక్తంలో దాన్ని మోసుకెళ్లేది ప్రోటీన్లే. వాటిలో అపోసీ-2 అనేది చాలా చిన్నది, ప్రోటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు అందులో 79. ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులను విడగొట్టే ఎంజైమ్‌ను పనిలోకి దించేది ఇదే. పుట్టుకతో ఇది లోపించినవాళ్లకు ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగిపోతాయి. కొవ్వును అంటిపెట్టుకుని ఉన్నంతసేపూ అపోసీ-2 ఆకారం సరిగానే ఉంటుంది. కొవ్వు నుంచి విడిపోతే మాత్రం మడత తప్పి, ఒకదానికొకటి అతుక్కుని సన్నని పోగులవుతుంది. వీటినే అమిలాయిడ్ అంటారు. అల్జీమర్స్‌లో మెదడులో చేరేవీ ఇలాంటివే, అక్కడ ప్రోటీన్ వేరు.

మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హౌలెట్ బృందం టెస్ట్‌ట్యూబులో అపోసీ-2తో చూసిన సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు కొత్తగానే ఉంటుంది. ఒక రకం ఫాస్ఫోలిపిడ్‌ను (ఇదీ కొవ్వే), దాని అణువులు గుంపు కట్టి మైసెల్స్ అయ్యేంత ఎక్కువగా వేస్తే పోగులు ఆగిపోయాయి. అదే ఫాస్ఫోలిపిడ్ గుంపు కట్టలేనంత కొద్దిగా ఉంటే, అసలు వేయనప్పటి కంటే త్వరగా తయారయ్యాయి. అంటే ఒకే కొవ్వు, మోతాదును బట్టి కాపాడుతుంది, చెడగొడుతుంది కూడా!

ఇక ధమని గోడలో జరిగేది. మాక్రోఫేజ్ అనే రక్షక కణాల మీద సీడీ36 అనే గ్రాహకం ఉంటుంది. అపోసీ-2 పోగులు దాన్ని తాకితే ఆ కణాలు వాపును రగిలించే రసాయనాలు వదులుతాయని ప్రయోగశాలలో తేలింది. మనుషుల ధమనుల పూడికలోనూ అమిలాయిడ్ గుర్తుల పక్కనే అపోసీ-2 కనబడింది. అయితే జబ్బుకు మూలం ఇదేనని ఎవరూ తేల్చలేదు. చెడు కొలెస్ట్రాల్ అని పిలిచే ఎల్‌డీఎల్ పాత్ర మాత్రం రుజువైనదే.

ఇదంతా విని మామయ్య, "అయితే పూతరేకులు మానేస్తే ఆ పోగులు కరిగిపోతాయా అమ్మాయ్?" అన్నారు. ఆత్రేయపురం పూతరేకులంటే ఆయనకు ప్రాణం. "టెస్ట్‌ట్యూబులో కొవ్వు వేరు, మీరు తినే నెయ్యి వేరు మామయ్యా. ఆ ప్రయోగం చూసి నెయ్యి గురించి ఏమీ చెప్పలేం. ఎల్‌డీఎల్ తగ్గాలంటే నెయ్యి తగ్గించాల్సిందే, డాక్టరు రాసిన కొలెస్ట్రాల్ మాత్ర ఒక్క రోజూ మానకూడదు. స్టెంట్ ఒక్క చోటే దారి తెరిచింది, మిగతా ధమని గోడంతా అలాగే ఉంది" అన్నాను. ఆయన వెంటనే అత్తయ్యను పిలిచి, మాత్రల డబ్బా భోజనాల బల్ల మీదే పెట్టమన్నారు.