ఇంకెవరు చూశారు?

"ఈ ఫైలు నువ్వు కాక ఇంకెవరు చూశారు?"

పరాయి దేశంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో మనవాళ్లకు గట్టిగా తగిలే మాటల్లో ఇదొకటి. పొద్దుపోయేదాకా కూర్చుని, లెక్క రెండుసార్లు సరిచూసుకుని ఎక్సెల్ షీటు పంపితే వచ్చే మొదటి జవాబు ఇది. బాగుందనరు, తప్పుందనరు, ఎవరు చూశారని అడుగుతారు. మనకది "నిన్ను నమ్మడం లేదు" అన్నట్టే వినిపిస్తుంది. ఒకరికి పని అప్పగించాక మళ్లీ వెనకనుంచి తడిమి చూడటం మన లెక్కలో అవమానమే. పై అధికారి చేసిన షీటులో తప్పు కనబడితే అసలు నోరెత్తం, మన కాపీలో సరిచేసుకుని ఊరుకుంటాం. ఇక్కడ మాత్రం మేనేజరు చేసిన షీటునైనా ఇదే ప్రశ్న వేస్తారు, ఆయన మామూలుగానే జవాబు చెబుతాడు. అది చూశాకే ఆ మాటలో ఉన్నది అనుమానం కాదేమోనన్న ఆలోచన మొదలవుతుంది.

ఈ రాసేది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల కోసం కాదు. తెలుగువాళ్లంటే సాఫ్ట్‌వేరే అనుకుంటారు కానీ నర్సులుగా, అకౌంటెంట్లుగా, గోదాముల్లో, ల్యాబుల్లో, సైట్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లూ బోలెడుమంది. వాళ్లంతా ప్రోగ్రాములు రాస్తూనే ఉంటారు, ఆ పేరుతో పిలుచుకోరంతే. డ్యూటీ రోస్టరు, స్టాకు షీటు, నెలాఖరు రిపోర్టు కోసం రికార్డు చేసుకున్న మాక్రో (ఒకసారి చేసిన పనిని దానంతటదే మళ్లీ చేసిపెట్టేది), ఇవన్నీ ప్రోగ్రాములే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో క్రిస్ స్కాఫిడి, మేరీ షా, బ్రాడ్ మయర్స్ 2005లో ఒక అంచనా వేశారు. 2012 నాటికి అమెరికాలో ఉద్యోగాల్లో స్ప్రెడ్‌షీట్లో డేటాబేసులో వాడేవాళ్లు 5.5 కోట్లు దాటతారని, వృత్తిగా ప్రోగ్రాములు రాసేవాళ్లు 30 లక్షలకు లోపే ఉంటారని. ఆ 30 లక్షల మందికి టెస్టింగు టీములుంటాయి, ఒకరు రాసింది ఇంకొకరు చదివి చూసే కోడ్ రివ్యూలుంటాయి. తక్కినవాళ్లకు ఎవరూ ఏదీ నేర్పరు. అడిగితే గిడితే ఈ ఒక్క ప్రశ్న అడుగుతారు.

హవాయి విశ్వవిద్యాలయంలో రే పాంకో స్ప్రెడ్‌షీటు తప్పులను ఏళ్ల తరబడి లెక్కగట్టాడు. జాగ్రత్తపరులే అయినా నూరు ఫార్ములాలు రాస్తే ఒకటి నుంచి ఐదింటిదాకా తప్పు పడతాయని తేలింది. తక్కువలో తక్కువ ఒకటే అనుకుందాం. వేర్వేరు ఫార్ములాలు 200 ఉన్న షీటులో ఒక్క తప్పూ లేకుండా ఉండే అవకాశం 13 శాతం. అంత కష్టపడి రెండుసార్లు చూశాం కదా అంటే, ఆయన ప్రయోగాల్లో కావాలని పెట్టిన తప్పుల్ని ఒంటరిగా వెతికినవాళ్లు 60 శాతం చిల్లరే పట్టుకోగలిగారు. ముగ్గురేసి కలిసి చూసిన జట్లు 80 శాతం దాటాయి. రాసినవాళ్ల కంటికి తాము అనుకున్నదే కనబడుతుంది, సెల్‌లో ఏముందో కనబడదు. దీనికి చదువుతో, తెలివితో సంబంధం లేదు. దేశాల అప్పుల మీద 2010లో ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ రాసిన ప్రసిద్ధ పత్రంలో సగటు 30వ వరుస నుంచి 49 దాకా పోవాల్సింది 44 దగ్గర ఆగిపోయింది, ఐదు దేశాలు లెక్కలోంచి జారిపోయాయి. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్లనడిగి అసలు షీటు తెప్పించుకుని తెరిచాకే అది బయటపడింది. ఆ పత్రం మీద ఇతర అభ్యంతరాలూ ఉన్నాయనుకోండి. కానీ ఈ వరుసల తప్పు పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉంటే పది నిమిషాల్లో తేలేది.

వలస వచ్చినవాళ్ల చేతుల్లో మరీ ఎక్కువగా జరిగే తప్పొకటి ఉంది. మనకు తేదీ అంటే ముందు రోజు, తర్వాత నెల. ఆఫీసు కంప్యూటరు నెల ముందు పెట్టే సెట్టింగులో ఉందనుకోండి. 05/04/2025 అని కొడితే మన మనసులో అది ఏప్రిల్ ఐదు, ఎక్సెల్‌కి మే నాలుగు. హెచ్చరికేమీ రాదు. 13/04/2025 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి తేదీగా తీసుకోదు, టెక్స్టుగా వదిలేస్తుంది. రోజుకో వరుస చొప్పున ఏడాది షీటయితే 365లో 221 టెక్స్టుగా మిగులుతాయి. తేదీలుగా మారే 144లో రోజు, నెల ఒకటే అయిన 12 మాత్రమే సరైనవి. తక్కిన 132 చప్పుడు చేయకుండా వేరే నెలలోకి పోయి కూర్చుంటాయి.

దీనికి కంటికి కనబడే ఆనవాలు ఒక్కటే. టెక్స్టు సెల్‌లో ఎడమకు జరుగుతుంది, తేదీ కుడికి జరుగుతుంది. అందంగా ఉంటుందని కాలమ్ మొత్తాన్ని మధ్యకు సర్దామా, అదీ పోయినట్టే. అందుకే తేదీల కాలమ్ అమరిక ముట్టుకోకండి. షీటు పైన రెండు సెల్‌లు కేటాయించండి. ఒకదాంట్లో కౌంట్‌ఏ (నిండిన సెల్‌లన్నిటి లెక్క) లోంచి కౌంట్ (అంకెలు, తేదీలున్న సెల్‌ల లెక్క) తీసివేత పెట్టండి, సున్నా రాకపోతే టెక్స్టుగా మిగిలినవి ఉన్నట్టు. రెండోదాంట్లో కాలమ్‌లోని అతి పెద్ద తేదీ పెట్టండి. ఏప్రిల్ షీటులో డిసెంబర్ నాలుగు కనబడితే తిరగబడ్డట్టే. ఒకసారి తిరగబడ్డ కాలమ్‌ని అక్కడికక్కడ బాగుచేయాలని చూడొద్దు, ఏది తిరిగిందో ఏది తిరగలేదో ఆ కాలమ్‌లో చెప్పేవాళ్లుండరు. మొదటి ఫైలు దగ్గరికే పోవాలి. టెక్స్టుగా తెచ్చుకుని, టెక్స్ట్ టు కాలమ్స్ మూడో మెట్టులో డీఎమ్‌వై (రోజు, నెల, సంవత్సరం) ఎంచుకోవాలి. చేత్తో కొట్టేటప్పుడు ముందు సంవత్సరం, 2025-04-05 అని కొడితే ఏ సెట్టింగులోనైనా ఏప్రిల్ ఐదే.

సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్టు ఫైలు) మీద డబుల్ క్లిక్ చేసి తెరిచే అలవాటూ మానుకోవాలి. అలా తెరిస్తే ఎక్సెల్ తనకు తోచినట్టు మార్చేస్తుంది. ఉద్యోగి నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. 15 అంకెలకు మించి దాచుకోదు కాబట్టి 16 అంకెల నంబరులో చివరిది సున్నా అయిపోతుంది. సేవ్ కొట్టాక వెనక్కి దారి లేదు. డేటా మెనూలోంచి తెచ్చుకుని ఆ కాలమ్‌లను టెక్స్టు అని చెప్పాలి. ఈ బాధ ఎంతదాకా పోయిందంటే, మార్చ్1 అనే జన్యువు పేరు మార్చి నెల ఒకటో తేదీగా మారిపోతోందని, జన్యువులకు పేర్లు ఖరారు చేసే సంఘం దాని పేరునే మార్చ్‌ఎఫ్1 చేసింది. 2020లో ఆ సంఘం తెచ్చిన కొత్త మార్గదర్శకాల్లో ఇలాంటి మార్పుల ప్రస్తావన ఉంది.

షిఫ్టు గంటల లెక్కలు కూడా అంతే మోసం చేస్తాయి. ఎక్సెల్‌కి రోజంటే 1, గంటంటే అందులో ఇరవై నాలుగో వంతు. రాత్రి పదికెక్కి పొద్దున ఆరుకి దిగిన మనిషికి దిగిన టైములోంచి ఎక్కిన టైము తీసేస్తే మైనస్ వచ్చి సెల్ నిండా హాష్ గుర్తులు కనబడతాయి. ఆ తేడాని మాడ్ ఫంక్షన్‌లో పెట్టి 1తో భాగిస్తే శేషం 8 గంటలు వస్తుంది. వారం మొత్తం 38 గంటలు కూడితే 14:00 అని చూపిస్తుంది, 24 మింగేసి. ఫార్మాట్‌లో గంటల గుర్తును చదరపు బ్రాకెట్లలో పెడితే 38:00 కనబడుతుంది. ఈ రెండూ ఎలాగోలా కంటపడతాయి. కంటపడనిది మూడోది. 8 గంటలు, ఆపైన చేసినవాళ్లకు అరగంట విరామం కోయాలని నియమం ఉందనుకుందాం. 8 గంటలంటే ఎక్సెల్ లోపల మూడో వంతు, కచ్చితంగా రాయలేని అంకె. ఒకరి 8 గంటలు వెంట్రుకవాసి తక్కువగా, ఇంకొకరివి సరిగ్గా రావచ్చు. ఒకరికి కోత పడుతుంది, పక్కవాళ్లకు పడదు. తేడాని 1440తో గుణించి, నిమిషాలకు రౌండ్ చేసి, 480తో పోల్చాలి.

టెస్టింగు అనే పెద్ద మాటకి ఇక్కడ అర్థం చాలా చిన్నది. వేరే షీటులో నాలుగైదు వరుసలు రాసుకోండి. 7 గంటల 59 నిమిషాలు, సరిగ్గా 8, 8 గంటల ఒక నిమిషం, అర్ధరాత్రి దాటినది, రాకుండా మానేసిన రోజు. ప్రతిదానికీ రావాల్సిన జవాబు కాగితం మీద చేత్తో లెక్కగట్టి పక్కన కొట్టండి, ఫార్ములాతో కాదు. మూడో కాలమ్‌లో ఫార్ములా ఇచ్చిన జవాబు, నాలుగో దాంట్లో తేడా, ఉంటే సెల్ ఎర్రబడేలా. ఫార్ములా ముట్టుకున్నప్పుడల్లా ఆ నాలుగో కాలమ్ చూసుకుంటే చాలు. తేడా సరిగ్గా సున్నా కావాలని మాత్రం పట్టుబట్టొద్దు. దశాంశాల్లో ఎక్కడో ఆఖరి చుక్క మిగిలి ఊరికే ఎర్రబడుతుంటే వారం తర్వాత ఆ ఎరుపును ఎవరూ పట్టించుకోరు. జవాబులు నిమిషాల్లో పెట్టుకుని, తేడా 0.005 లోపు ఉంటే సరే అనండి.

వేరే జాబితాలోంచి విలువ వెతికి తెచ్చే వీలుకప్ విషయం ఒక్క మాటలో. నాలుగో ఖాళీలో ఫాల్స్ రాయకపోతే అది దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకొస్తుంది, వరుసక్రమంలో లేని జాబితాలో ఏదో ఒకటి పట్టుకొస్తుంది. తప్పొస్తే సున్నా వేయమని ఇఫ్‌ఎర్రర్‌లో చుట్టేయడం అంతకన్నా చేటు. దొరకనివాటికి "దొరకలేదు" అని వేయించి, అలాంటివెన్నో పైన ఒక సెల్‌లో లెక్కబెట్టించండి. ఫార్ములాల కాలమ్‌లో ఎవరో మధ్యలో అంకె కొట్టేశారేమో చూడాలంటే కాలమ్ ఎంచుకుని, ఎఫ్5, స్పెషల్, కాన్‌స్టంట్స్ నొక్కితే చేత్తో కొట్టినవన్నీ వెలుగుతాయి. మాక్రో నడిపాక అన్‌డూ పనిచేయదు కనక ముందు కాపీ తీసుకోండి. రికార్డు చేసిన మాక్రో ఆ రోజున్న వరుసలనే గుర్తుపెట్టుకుంటుంది. ఆ నెల 212 వరుసలుంటే వచ్చే నెల 260 ఉన్నా 212 దగ్గరే ఆగవచ్చు.

ఆగిపోవడం అంటే గుర్తొచ్చేది ఇంగ్లండు. 2020 సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 దాకా 15,841 కరోనా పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి ఎక్కలేదు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు, మిగిలినవి రాలిపోయాయి. వచ్చిన వరుసలెన్ని, తీసుకున్న వరుసలెన్ని అని పోల్చే ఒక్క సెల్ ఉంటే తెలిసిపోయేది.

మన పద్ధతి మొత్తం తప్పని మాత్రం నేను ఒప్పుకోను. ఇక్కడ ప్రశ్న అడగడం తెలుసు, పక్కన కూర్చోవడం తక్కువ. ఫార్ములా తేడా వచ్చిందంటే ఐటీ విభాగానికి టికెట్ (ఫిర్యాదు) పెట్టమంటారు, మూడు రోజులకు "మాక్రోలకు మా విభాగం బాధ్యత లేదు" అని జవాబు వస్తుంది. దాంతో జనం మాక్రోలు మానరు, దాచుకుని వాడతారు. దాచుకున్న ఫైలుని ఇంకెవరూ చూడలేరు. మన ఆఫీసుల్లో పక్క సీటాయన "జరుగు, చూద్దాం" అని కుర్చీ లాక్కునేవాడు. ఆ అరగంటలో జరిగిందే అసలైన రివ్యూ, కాకపోతే ఏం చూశాడో ఎక్కడా రాసిపెట్టేవాళ్లం కాదు. ఆ కుర్చీ లాక్కోవడం ఇక్కడ చాలా గుర్తొస్తుంది.

అందుకే మనలో సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లకొక మనవి. స్నేహితులో చుట్టాలో షీటు పట్టుకొస్తే "ఇదంతా పైథాన్‌లో రాసిస్తాలే" అనకండి. మీరు రాసిచ్చింది మొదటిసారి చెడగానే వాళ్లు నిస్సహాయులైపోతారు. పక్కన కూర్చుని ఒక్క మాట అడగండి, "ఈ అంకె తప్పయితే నీకెలా తెలుస్తుంది?" అని. జవాబు లేనిచోట ఒక తనిఖీ సెల్ పెట్టించండి. కీబోర్డు వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. ఆరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ బర్నెట్, గ్రెగ్ రాదర్మెల్ బృందం చేసింది ఇలాంటిదే. వాళ్లు తయారుచేసిన స్ప్రెడ్‌షీటులో పరీక్షించని సెల్ చుట్టూ గీత ఎర్రగా ఉంటుంది. జవాబు సరైందని మనిషి టిక్కు పెట్టేకొద్దీ ఊదా మీదుగా నీలానికి మారుతుంది. టెస్టింగు పాఠం చెప్పకుండానే, ఇంకా ఎర్రగా ఉందేమిటని మనిషే వెతకడం మొదలుపెడతాడు. మామూలు ఎక్సెల్‌లో రంగు మనమే వేసుకోవాలి. చేత్తో కొట్టిన అంకెలు నీలం, ఫార్ములాలు నలుపు, ఇంకొకరు చూసిన కాలమ్ తలకట్టు మీద ఆకుపచ్చ. ఫార్ములా మార్చినవాళ్లు ఆ ఆకుపచ్చ తీసేయాలి.

ఇప్పుడు ఏఐని అడిగితే మాక్రో మొత్తం రాసిస్తోంది. రాయడం తేలికైంది కానీ చదివి అర్థం చేసుకోలేని కోడ్ చేతికొస్తోంది. కాబట్టి ఆ నాలుగైదు పరీక్ష వరుసలూ జవాబులతో సహా ముందే, మీరే రాసుకుని ఉండాలి. జవాబులు కూడా దాన్నే అడిగితే కోడ్‌లో చేసిన తప్పే అక్కడా చేయవచ్చు.

ఇక ఫైలు పంపేటప్పుడు, వాళ్లు అడిగేలోపే మెయిల్‌లో ఇలా రాయొచ్చు: "సెప్టెంబర్ షిఫ్టుల షీటు. వచ్చిన వరుసలు 260, తీసుకున్నవి 260. తేదీల కాలమ్‌లో టెక్స్టు సున్నా. 7:59, 8:00, 8:01, అర్ధరాత్రి, సెలవు వరుసలు చేతి లెక్కతో సరిపోయాయి. విరామం కోత ఫార్ములా మారింది, దాన్ని రాత్రి షిఫ్టు ఇన్‌ఛార్జి గురువారం నాతో కూర్చుని చూశారు. స్టాకు షీటు మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు."